యావజ్జీవం పడిన తర్వాత అరవై రోజులు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, ప్యానెల్ న్యాయవాదులకు,

నమస్కారం.

కళ్లతో చూసిన సాక్షి ఒక్కరూ లేకుండా, పరిస్థితుల సాక్ష్యం మీదే యావజ్జీవం పడిన హత్య కేసుల గురించి ఈ లేఖ. ఈ జిల్లా కోర్టుల్లో అలాంటి కేసులు వాదించేవాళ్లం రాస్తున్నాం. శిక్ష పడ్డ మనిషి విశాఖ అడవివరం సెంట్రల్ జైలుకు వెళ్తాడు. కాగితాలు నేలపాడులో ఉన్న హైకోర్టుకు వెళ్తాయి. ఈ రెండు ప్రయాణాల మధ్య ఇక్కడే, జిల్లాలోనే చెయ్యవలసిన పని ఒకటుంది: సాక్ష్యం ఎక్కడ తెగిందో రాసి, కాగితాలన్నీ జతచేసి గడువులోగా అప్పీలుకు పంపడం. అది సరిగ్గా జరిగితే బలం లేని కేసు అప్పీల్లో నిలబడదు. జరగకపోతే అదే కేసు ఏళ్లకేళ్లు మూలన పడుంటుంది. ఆ పని మీ సంస్థ చేతికి తీసుకోవాలని మా విన్నపం.

ఏళ్లంటే ఎన్నేళ్లో మన రాష్ట్రంలోనే చూశాం. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది అతను లోపలికి వెళ్లి. రాష్ట్రమంతా మాట్లాడుకున్న కేసుకే అంత కాలం పడితే, ఉద్దానంలో పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు కూడా రాని కేసు సంగతి చెప్పక్కర్లేదు.

ముందు అప్పీలు గ్రౌండ్ల, అంటే అప్పీలుకు చూపే కారణాల గురించి. 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు పెట్టిన అయిదు సూత్రాలు మనందరికీ కంఠతా వచ్చు. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి, అవన్నీ ముద్దాయి నేరం చేశాడన్న ఒక్కదానికే సరిపోవాలి, వాటిలో అనుమానానికి తావు ఉండకూడదు, ఇంకో రకంగా జరిగి ఉండడానికి వీల్లేకుండా చెయ్యాలి, గొలుసు తెగకూడదు. చిక్కేమిటంటే ఆ పేరా ప్రతి తీర్పులోనూ ఉంటుంది, శిక్ష వేసిన తీర్పుల్లోనూ ఉంటుంది. కాబట్టి అప్పీల్లో మళ్లీ అదే పేరా ఎత్తిరాస్తే ఒరిగేదేమీ లేదు. ఏ లంకె, ఏ సాక్షి నోట, క్రాసులో (సాక్షిని ఎదుటి లాయరు అడిగిన ప్రశ్నల్లో) ఎన్నో పేజీలో తెగిందో చూపాలి. అది చూపగలిగేది విచారణలో కూర్చున్న లాయరే. హైకోర్టులో ఫైలు కొత్తగా తెరిచే లాయరుకు ఆ పని చెయ్యడానికి దొరికేది ఒక రాత్రి.

అందుకే మేం అడిగేది ఒక పరిస్థితుల పట్టిక. తీర్పు వచ్చిన పదిహేను రోజుల్లోగా విచారణ చూసిన లాయరే రాయాలి, నాలుగైదు పేజీలకు మించకూడదు. తీర్పులో జడ్జిగారు ఆధారపడ్డ పరిస్థితులు ఒక్కొక్కటీ ఒక వరుస. ఎదురుగా, దాన్ని చెప్పిన పీడబ్ల్యూ (ప్రాసిక్యూషన్ సాక్షి) నంబరు, ఎగ్జిబిట్ (కోర్టు రికార్డుకెక్కిన కాగితం) నంబరు, క్రాసులో వచ్చిన మాట, 313 పరీక్షలో (సాక్ష్యం మీద కోర్టు ముద్దాయిని అడిగే ప్రశ్నల్లో) దాన్ని అడిగిన ప్రశ్న నంబరు. చివర్న ఒక గడి: ఈ పరిస్థితి తన కాళ్ల మీద తను నిలబడుతుందా, ఇంకోదాని మీద ఆనుకుని ఉందా? ఈ గడి నింపేటప్పుడే చాలా కేసుల గుట్టు బయటపడుతుంది. తీర్పులో ఏడు పరిస్థితులని ఉంటుంది. లెక్క తీస్తే అందులో నాలుగు ఒకే వీఆర్వో సాక్ష్యం మీద వేలాడుతుంటాయి.

‘చివరిగా కలిసి కనిపించారు’ అన్న సాక్ష్యంతోనే మొదలుపెడదాం. దీన్ని లెక్క కట్టి చూసేవాళ్లు తక్కువ. ఒక మాదిరి కేసు తీసుకుందాం. సోమవారం సాయంత్రం ఏడింటికి ముద్దాయి, మృతుడు కలిసి జీడితోట వైపు వెళ్తుంటే చూశానని సాక్షి చెప్పాడు. బుధవారం ఉదయం శవం దొరికింది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి పోస్టుమార్టం. చావు అంతకు 24 నుంచి 48 గంటల ముందు జరిగి ఉంటుందని డాక్టరుగారి అభిప్రాయం. ఇరవై నాలుగు గంటలు వెనక్కి పోతే మంగళవారం సాయంత్రం నాలుగు. నలభై ఎనిమిది పోతే సోమవారం సాయంత్రం నాలుగు. అంటే సాక్షి చూసిన తర్వాత కూడా ఇరవై ఒక్క గంటలు ఖాళీ, అదీ నలుగురూ తిరిగే తోటలో. 2005లో సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ ఖాళీ గురించే. ఇద్దరూ కలిసి కనిపించిన సమయానికీ చావుకీ మధ్య మూడో మనిషి రావడానికి వీల్లేనంత తక్కువ వ్యవధి ఉంటేనే ఈ సూత్రం పని చేస్తుంది. 2014లో కన్హయ్యలాల్ కేసులో, కలిసి కనిపించారన్న ఒక్క కారణంతో శిక్ష నిలవదంది.

డాక్టరుగారి గంటలు కూడా గీత గీసినట్టు ఉండవు. మే నెల ఎండలో ఆరుబయట పడున్న శవం, నూతిలో శవం, ఇసుకలో పూడ్చిన శవం ఒకే తీరున పాడవవు. గాలిలో వారానికి పాడయ్యేది నీళ్లలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు పడుతుందని వైద్య న్యాయశాస్త్రంలో పాత లెక్క ఒకటుంది. అదీ ఉజ్జాయింపే. క్రాసులో డాక్టరును ఈ ప్రశ్న అడగకపోతే పోస్టుమార్టం రిపోర్టులో రాసిన గంటలే దేవుడి మాటగా మిగిలిపోతాయి.

ఇదే సాక్షి మీద ఇంకో పరీక్ష ఉంది. శవ పంచాయతీ ఫారంలో మృతుణ్ణి చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారని ఒక గడి ఉంటుంది. అందులో ఈ సాక్షి పేరు ఉందా? సొంత ఊరివాడై, శవం దగ్గరే నిలబడి, పోలీసులతో ఆ రోజు ఒక్క ముక్కా చెప్పకుండా పది రోజుల తర్వాత 161 స్టేట్‌మెంటులో (పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలంలో) హఠాత్తుగా తేలాడా? ఆ స్టేట్‌మెంటు మేజిస్ట్రేటు కోర్టుకు ఏ తేదీన చేరింది? మీద వేసిన కోర్టు ముద్ర తేదీ చూడండి, లోపల రాసిన తేదీ కాదు. ఎఫ్‌ఐఆర్‌కూ ఇదే వర్తిస్తుంది. మేజిస్ట్రేటుకు అందిన గంట ఎఫ్‌ఐఆర్ మీదే రాసి ఉంటుంది.

ఇక రికవరీ, అంటే ముద్దాయి చూపిన చోట వస్తువు దొరకడం. మన జిల్లాలో పరిస్థితుల సాక్ష్యం కేసు అంటే నూటికి తొంభై వంతులు ఇదే అనిపిస్తుంది మాకు. ముద్దాయిని పట్టుకున్నారు, ఇద్దరు వీఆర్వోలను పిలిచారు, అతను ఒప్పుకున్నాడు, చూరులోంచి కత్తి తీసి ఇచ్చాడు. సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ మినహాయింపు కింద, ఇందులో ఎంత పనికొస్తుందో మన తెలుగువాళ్ల కేసులోనే తేలింది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో 1946లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పింది: ‘మా ఇంటి చూరులో దాచిన కత్తి చూపిస్తాను’ అన్నంత వరకే సాక్ష్యం. ‘దాంతోనే పొడిచాను’ అన్నది సాక్ష్యం కాదు. అంటే కత్తి అక్కడ ఉందని ముద్దాయికి తెలుసు, అంతే రుజువైంది. ఆ కత్తికీ హత్యకూ ముడి ఇంకో సాక్ష్యం వెయ్యాలి. అయినా ‘పొడిచాను’ అన్న భాగం కూడా సాక్ష్యంగా మార్కు అయిపోయిన రికవరీ రిపోర్టులు కనిపిస్తూనే ఉంటాయి. డెబ్భై ఎనభై ఏళ్లయింది ఆ తీర్పు వచ్చి!

రిపోర్టు రాసే వరుసను 2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ముందు స్టేషనుకే ఇద్దరు స్వతంత్రులైన మధ్యవర్తులను (పంచనామా సాక్షులను) పిలవాలి. వాళ్ల ఎదుట ముద్దాయి అన్న మాటలు అతని మాటల్లోనే రాయాలి. అది మొదటి భాగం. ఆ తర్వాత అందరూ బయల్దేరి వెళ్లి, అతను చూపిన చోట వస్తువు తీశాక రెండో భాగం. దీన్ని చేతిలో పెట్టుకుని క్రాస్ చదవండి. మొదటి భాగం ఎక్కడ రాశారు? మధ్యవర్తి స్టేషనుకు వచ్చాడా, సరాసరి చూరు కిందికే వచ్చాడా? ముద్దాయి అన్న మాటలేమిటో మధ్యవర్తి కోర్టులో తన నోటితో చెప్పాడా, రిపోర్టు చూపిస్తే ‘అవును, నా సంతకమే’ అన్నాడా? ఆ వస్తువు ఉన్న చోటు తాళం పడే గదా, పశువుల పాక పక్కన అందరికీ కనబడే గడ్డివామా? వీఆర్వో అదే స్టేషను కేసుల్లో మధ్యవర్తిగా ఇంకెన్నిసార్లు సంతకం చేశాడు? చివరిది అడిగితే తెల్లమొహం వేసిన సాక్షులు ఉన్నారు.

వీఆర్వో దగ్గరకు తనంత తాను వచ్చి ‘నేనే చంపానండి’ అని ముద్దాయి చెప్పాడన్న కథ కూడా ఈ కోవలోదే. పోలీసుకు చెప్పిన ఒప్పుదల చెల్లదు కాబట్టి ఇది వస్తుంది. పరిచయం లేని ఉద్యోగి దగ్గర గుండె విప్పుకోవడానికి ఆ మనిషికి పనేమిటి అన్నది మొదటి ప్రశ్న. వీఆర్వో వెంటనే రాసుకున్నాడా, ముద్దాయిని స్టేషనుకు తీసుకెళ్లే ముందు తన పై అధికారికి చెప్పాడా అన్నవి తర్వాతి ప్రశ్నలు. 2012లో సహదేవన్ కేసు తీర్పు ఈ రకం సాక్ష్యం దానంతట అది బలహీనమైనదని, జాగ్రత్తగా తూచాలని చెప్పింది.

రక్తం సంగతి తొందరగా తేలిపోతుంది. విశాఖ ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టులో ‘మానవ రక్తం, గ్రూపు తేలలేదు’ అని ఉంటే, కొడవలి లేని ఇల్లు లేని జిల్లాలో అది చెప్పేది చాలా తక్కువ. గ్రూపు కలిసినా అది ఒక్కటే చాలదని 2011లో ముస్తకీమ్ కేసు. ముద్దాయి సొంత గ్రూపు ఏమిటో అసలు పరీక్ష చేశారా చూడండి. ఆ తర్వాత మూడు తేదీలు పక్కపక్కన రాయండి: వస్తువు పట్టుకున్న తేదీ, కోర్టు నుంచి లెటర్ ఆఫ్ అడ్వైజ్ (పరీక్ష కోరే ఉత్తరం) వెళ్లిన తేదీ, ల్యాబుకు చేరిన తేదీ. మధ్యలో ఆ మూట ఎవరి బీరువాలో ఉంది, సీలు ఎవరి దగ్గర ఉంది, మోసుకెళ్లిన కానిస్టేబులును సాక్షిగా పిలిచారా?

సెల్‌ఫోన్ టవర్ సాక్ష్యం ఈమధ్య ప్రతి చార్జిషీటులోనూ వస్తోంది. కాల్ రికార్డు చెప్పేది ఫోను ఏ టవర్‌లో, ఏ సెక్టారులో తగులుకుందో, అంతవరకే. ఒక టవర్‌కు మామూలుగా మూడు సెక్టార్లు, ఒక్కోటి 120 డిగ్రీలు. పల్లెల్లో ఒక సెక్టారు కింద కొన్ని కిలోమీటర్ల మేర ఊళ్లు పడతాయి. ముద్దాయి ఇల్లు, హత్య జరిగిన తోట ఒకే సెక్టారు కింద ఉంటే, ఆ రాత్రి అతను ఇంట్లో పడుకున్నా రికార్డు అదే చూపిస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు సరిహద్దు అవతలి టవర్ తగులుకుందంటే మనిషి ఒడిశా వెళ్లాడనీ కాదు. సిమ్ ఎవరి పేరున ఉంది, ఆ వేళకు ఫోను ఎవరి చేతిలో ఉంది అన్నవి వేరే రుజువు కావలసిన సంగతులు. సర్టిఫికెట్ లేకపోతే ఈ కాగితం చదవడానికే వీల్లేదు. పాత కేసుల్లో సాక్ష్య చట్టం 65-బి, 2024 జూలై 1 తర్వాత అధినియం 63వ సెక్షన్, అందులో హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్యతో) రెండు భాగాలు. 2020 అర్జున్ పండిత్‌రావ్ తీర్పు తర్వాత ఇందులో సందేహం లేదు.

నాలుగు గోడల మధ్య భార్య చనిపోయిన కేసుల్లో సాక్ష్య చట్టం 106వ సెక్షన్ (ఇప్పుడు 109) ఎత్తుతారు. ఏం జరిగిందో మొగుడే చెప్పాలి అంటారు. 2006 త్రిముఖ్ మారుతి కిర్కన్ తీర్పు ఆ మాట అంటుంది, నిజమే. కానీ ముందు ఆ రాత్రి అతను ఆ ఇంట్లో ఉన్నాడని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. పొట్ట చేత పట్టుకుని మగవాళ్లు చెన్నైకీ హైదరాబాదుకీ వలస పోయే జిల్లా ఇది. ‘వాళ్లిద్దరూ ఆ ఇంట్లోనే కాపురం ఉంటారు’ అని ఇరుగుపొరుగు చెప్పిన మాట ఆ రాత్రికి సరిపోదు. అసలు భారం ప్రాసిక్యూషన్ మీద నుంచి ఈ సెక్షన్ దించదని 1956 నుంచీ, శంభునాథ్ మెహ్రా కేసు నుంచీ, ఉన్నదే. ముద్దాయి నోరు విప్పకపోవడమో అబద్ధం చెప్పడమో గొలుసులో తెగిన లంకెకు బదులు రాదు. గొలుసు అప్పటికే పూర్తయి ఉంటే దానికి అదనం అవుతుంది, అంతే.

గట్టి గొలుసు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే ప్రతి శిక్షా తప్పేనని మేం వాదిస్తున్నట్టు ఉంటుంది. మన ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురానికి, 1937లో, పిఠాపురం నుంచి బాకీ వసూలుకు వచ్చిన మనిషి శవం పూరీ స్టేషనులో ఒక ఇనప ట్రంకులో దొరికింది. పాకాల నారాయణస్వామి కేసు. రమ్మని వచ్చిన ఉత్తరం, ట్రంకు కొన్న వైనం, ఆ ఇంటి నుంచి అది స్టేషనుకు చేరిన వైనం, ఇవన్నీ ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు చెప్పారు. 1939లో ప్రివీ కౌన్సిల్ ఆ శిక్షను ఉంచింది. పోలీసు తీసుకున్న స్టేట్‌మెంటును పక్కన పెట్టేసి మరీ ఉంచింది. మా పట్టికలో చివరి గడి అడిగేది సరిగ్గా దీని గురించే.

విచారణలో జారిపోయి, అప్పీల్లో మళ్లీ దొరకనివి రెండున్నాయి. ఒకటి, 161 స్టేట్‌మెంటులో లేని మాట సాక్షి కోర్టులో చెప్తే, అక్కడే ఆ భాగం చూపి అడిగి, తర్వాత దర్యాప్తు అధికారితో రుజువు చేయించాలి. సాక్షి ముందొకటీ తర్వాతొకటీ చెప్పిన భాగమైతే డి-ఎగ్జిబిట్‌గా (డిఫెన్స్ తరఫు ఎగ్జిబిట్‌గా) మార్కు చేయించాలి. సాక్షిని అడిగి సీఐని అడగడం మర్చిపోతే హైకోర్టుకు అది లేనట్టే. రెండు, 313 (ఇప్పుడు 351) ప్రశ్నలు. ‘పీడబ్ల్యూ 1 నుంచి 9 వరకు ఇలా చెప్పారు, ఏమంటావు?’ అని గంపగుత్తగా అడిగితే, ‘అబద్ధం’ అన్న జవాబే వస్తుంది. అడగని పరిస్థితిని ముద్దాయి మీద వాడుకోకూడదని సర్దా తీర్పులోనే ఉంది. ప్రశ్నలు తయారు చెయ్యడంలో లాయరు సాయం తీసుకునే వీలు అయిదో ఉపసెక్షన్ ఇచ్చింది, ముద్దాయి రాతపూర్వకంగా జవాబు ఇచ్చుకోవచ్చు కూడా. డిఫెన్స్ కౌన్సెల్ మిత్రులు ఈ వీలును వాడుకోవాలి.

ఇప్పుడు అరవై రోజుల సంగతి. యావజ్జీవం మీద హైకోర్టుకు అప్పీలు గడువు అరవై రోజులు, మరణశిక్ష అయితే ముప్ఫై. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. తీర్పు కాపీ ముద్దాయికి ఆ రోజే ఉచితంగా ఇవ్వాలి. డబ్బు లేనివాడు జైలు సూపరింటెండెంటు ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, జైల్లో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు, ఆదాయంతో పని లేదు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. జరిగేది ఏమిటంటే, జైలు అప్పీలుతో పాటు తీర్పు ఒక్కటే వెళ్తుంది, గ్రౌండ్లలో ‘నేను నిర్దోషిని’ అని ఒక లైను ఉంటుంది. ఇంటివాళ్లు ఎకరం తాకట్టు పెట్టి ఎవరినో పట్టుకునేసరికి గడువు దాటి ఆలస్యం మాఫీ పిటిషన్ అదనంగా పడుతుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సహాయం అందుతుందని శిక్ష పడిన రోజునే కోర్టు హాలు బయట ఆ తల్లికో భార్యకో ఎవరైనా చెప్పాలి. ఆ మనిషిని మీ సంస్థ నియమించాలి.

పట్టికతో పాటు సాక్షుల వాంగ్మూలాలు, పి-, డి-ఎగ్జిబిట్లు, 313 రికార్డు అన్నీ కలిపి ఒక పూర్తి సెట్టు హైకోర్టు న్యాయ సేవల కమిటీకి చేరాలి. సీసీటీవీ ఉన్న పెన్‌డ్రైవ్, ఫొటోలు మామూలుగా టైపు చేసిన పేపర్‌బుక్‌లో (హైకోర్టుకు తయారయ్యే కేసు కాగితాల పుస్తకంలో) కనిపించవు. వాటి కాపీలు విడిగా తీసుకోవాలి.

శిక్ష నిలుపుదలకు పిటిషన్ (ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 430వ సెక్షన్) అప్పీలుతోనే వెయ్యాలి. మొదటిసారి కొట్టేసినా, 2016లో బచ్చు రంగారావు కేసులో హైకోర్టు పెట్టిన పద్ధతి ఉంది. యావజ్జీవం పడి, అప్పీలు తేలక అయిదేళ్లు లోపల గడిపినవాడు, ప్రవర్తన బాగుంటే, బెయిలు అడగవచ్చు. కొన్ని రకాల హత్యలకు అది వర్తించదు. అడవివరం జైల్లో మన జిల్లా వాళ్లు ఎవరెవరు అయిదేళ్లు దాటారో జైలు రికార్డు నుంచి జాబితా తీయించడం మీకు ఒక ఉత్తరంతో అయ్యే పని.

చివరిది చిన్నదే గానీ, తప్పితే మళ్లీ సరిదిద్దలేనిది. తీర్పు ఆఖరి పేరాలో ‘ఎం.ఓ. 1 నుంచి 9 వరకు అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చెయ్యాలి’ అని మామూలుగా ఉంటుంది. ఎం.ఓ.లంటే కేసులో పట్టుకున్న వస్తువులు. అప్పీలు ఆలస్యంగా పడితే ఆ చొక్కా, ఆ కత్తి, ఆ మట్టి అప్పటికి ఉండవు. తర్వాత డీఎన్‌ఏ పరీక్ష అడగడానికీ, అదనపు సాక్ష్యం కోరడానికీ ఏమీ మిగలదు. అందుకని శిక్ష పడిన వారంలోపే, అప్పీలు వెయ్యబోతున్నారని, వస్తువులు భద్రపరచాలని విచారణ కోర్టుకు ఒక మెమో వెయ్యండి. అప్పీలు నంబరు రాగానే ఇంకో మెమో, ఆ నంబరుతో. రెండింటి నకళ్లూ ప్రాపర్టీ గుమాస్తాకు ఇచ్చి రసీదు తీసుకోండి. నమూనా మెమో, పట్టిక ఖాళీ ఫారం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మేం తయారు చేసి ఇస్తాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా కోర్టుల్లో హత్య కేసులు వాదించే కొందరు న్యాయవాదులు